నాలుగంగుళాల తెరలో డ్రాక్యులా కోట

‘కాసిల్‌వేనియా: ది డ్రాక్యులా ఎక్స్ క్రానికల్స్’ చేతిలో పట్టుకుని ఆడే సోనీ పీఎస్‌పీ కోసం కొనామి కంపెనీ 2007లో తెచ్చిన వీడియో గేమ్. అక్టోబరులో అమెరికాలో, మరుసటి నెల జపాన్‌లో విడుదలైంది. కథ కొత్తదేం కాదు. 1993 అక్టోబరు 29న పీసీ ఇంజిన్ అనే కన్సోల్ మీద, ఒక్క జపాన్‌లోనే వచ్చిన ‘చి నో రోండో’ను మళ్లీ పునాది నుంచి కట్టి ఇచ్చారు. ఇంగ్లిషులో దాన్ని ‘రోండో ఆఫ్ బ్లడ్’ అంటారు, ఆడేవాళ్లు రోండో అని ఊరుకుంటారు. కొరడా పట్టుకుని డ్రాక్యులా కోటలో దూరే వేటగాళ్ల కథలను కొనామి 1986 నుంచీ చెబుతూనే ఉంది. వాటిలో అన్నిటికన్నా పొందికైనది రోండోయేనని అభిమానుల్లో చాలామంది మాట. జపాన్ బయట ఆ మాట అన్నవాళ్లలో ఎక్కువమంది చాలాకాలం దాన్ని ఆడకుండానే అన్నారు, అది వేరే సంగతి.

ఆడకపోవడానికి కారణం ఉంది. పీసీ ఇంజిన్‌ను 1987లో ఎన్‌ఈసీ, హడ్సన్ కంపెనీలు కలిసి తెచ్చాయి. మరుసటి ఏడే దానికి సీడీ డ్రైవు తగిలించారు. ఇళ్లలో ఆడుకునే కన్సోళ్లలో సీడీని వాడుకున్న మొదటిది అదే. జపాన్‌లో అది నింటెండోకు గట్టి పోటీయే ఇచ్చింది. 1989లో టర్బోగ్రాఫిక్స్-16 పేరుతో అమెరికాకు వస్తే మాత్రం నింటెండో, సెగాల మధ్య నలిగిపోయింది. రోండో తయారయ్యే నాటికి అమెరికాలో ఆ యంత్రాన్ని అడిగేవాళ్లే లేరు. దాంతో గేమ్ జపాన్‌లోనే ఉండిపోయింది. 1995లో సూపర్ నింటెండో కోసం ‘డ్రాక్యులా ఎక్స్’ పేరుతో ఒకటి వచ్చింది కానీ, అది రోండో కాదు. పాత్రలు అవే, కొన్ని బొమ్మలు అవే, స్టేజీలు మాత్రం వేరు. దారులు తగ్గాయి, మరియా అనే పిల్లతో ఆడే వీలు పోయింది. ఇంకా తమాషా 1997లో జరిగింది. ప్లేస్టేషన్ మీద వచ్చిన ‘సింఫనీ ఆఫ్ ది నైట్’ రోండోలోని ఆఖరి పోరాటంతో మొదలవుతుంది. ప్రపంచంలో సగంమంది ముందు క్లైమాక్సు చూశారు. దాని ముందు కథ కోసం వాళ్లు పదేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఆ కథ 1792లో జరుగుతుంది. షాఫ్ట్ అనే చీకటి పూజారి డ్రాక్యులాను మళ్లీ లేపుతాడు. ఊరు తగలబడుతుంది. రిక్టర్ బెల్మాంట్‌కు కాబోయే భార్య ఆనెట్, పన్నెండేళ్ల మరియా, టెరా అనే సన్యాసిని, ఐరిస్ అనే వైద్యుడి కూతురు కోటలో బందీలవుతారు. మాంత్రికుడు, కోట, చెరలో ఆడపిల్లలు, కత్తి పట్టిన అస్థిపంజరాలు: విఠలాచార్య సినిమాలు చూసి పెరిగినవాళ్లకు ఈ సరంజామా అంతా పాత చుట్టమే. వానలో గుర్రపుబండి మీద పోతున్న రిక్టర్‌ను సాక్షాత్తూ మృత్యుదేవత అటకాయించడంతో ఆట మొదలవుతుంది. ఆ తర్వాత కథ పెద్దగా అడ్డురాదు. ఈ గేమ్ గొప్పతనం కథలో లేదు, నడకలో ఉంది.

తొంభైల్లో విజయవాడలోనో వరంగల్‌లోనో గంటకింత అని పుచ్చుకునే వీడియో గేమ్ కొట్లలో చెయ్యి తిరిగినవాళ్లకు కొనామి అంటే కాంట్రా. నింటెండోకు నకళ్లుగా వచ్చిన యంత్రాల్లో ఆ క్యాసెట్ లేని చోటు అరుదు. కాంట్రాలో ఎగిరాక కూడా మనిషిని గాల్లో అటూ ఇటూ తిప్పుకోవచ్చు. ఆ అలవాటుతో అమెరికాకో సింగపూర్‌కో వెళ్లి, చేతిలోకి పీఎస్‌పీ తీసుకున్నవాడికి రోండో మొదటి అరగంటలోనే దేహశుద్ధి చేస్తుంది. ఎందుకంటే రిక్టర్ ఒకసారి కాలు లేపాడంటే, గాల్లో మనసు మార్చుకోవడానికి దాదాపు వీలుండదు. ఎంత దూరం పడాలో నేల మీద ఉండగానే లెక్క వేసుకోవాలి. కొరడా తిన్నగా ముందుకే సాగుతుంది, అదీ ఒక్క క్షణం ఆలస్యంగా. దెబ్బ తగిలితే రిక్టర్ వెనక్కి ఎగిరిపడతాడు, వెనక గొయ్యి ఉంటే అంతటితో సరి. అందుకే ఈ ఆటలో ప్రాణాలు తీసేవి పెద్ద రాక్షసులు కావు. అలలా పైకీ కిందికీ తేలుతూ వచ్చే మెడూసా తలలు, ఎముకలు విసిరే అస్థిపంజరాలు. వేలి చురుకుతో వాటిని దాటలేం. వాటి వరస కనిపెట్టాలి. అది కనిపెట్టినవాడికి అంతకుముందు అన్యాయంగా తోచిన చోటే ఆట తాళం పట్టుకుంటుంది.

రోండో కొన్ని చోట్ల పట్టు సడలించింది కూడా. 1986 నాటి మొదటి గేమ్‌లో మెట్లెక్కితే మెట్లకు అంటుకుపోవడమే. ఇందులో మెట్ల మీదికి ఎగరొచ్చు, మెట్ల మీంచి దూకొచ్చు. ఎగిరే బటన్‌ను రెండుసార్లు నొక్కితే రిక్టర్ వెనక్కి పల్టీ కొడతాడు. కొవ్వొత్తులు పగలగొడితే గుండె బొమ్మలు రాలతాయి. అవి ప్రాణం పెంచవు, పక్క ఆయుధాలకు మందుగుండులా పనికొస్తాయి. గొడ్డలి, బాకు, శిలువ, పవిత్ర జలం, బైబిలు, కాలాన్ని ఆపే గడియారం వంటివి ఆ ఆయుధాలు. ఒకసారి ఒకటే చేతిలో ఉంటుంది. గుండెలు దండిగా ఉంటే వాటిలో కొన్నిటిని ఖర్చుపెట్టి తెరంతా చెలరేగే దాడి చెయ్యొచ్చు. దాన్ని ఐటమ్ క్రాష్ అంటారు, ఈ వరసలో అది మొదలైంది రోండోతోనే. పవిత్ర జలపు ఐటమ్ క్రాష్ కురిపించే వాన ముందు సగం కోట నిలబడదు. ప్రాణం పెంచే మాంసం గోడల్లో దాచి ఉంటుంది. వందల ఏళ్ల నాటి కోట గోడలో వేడి వేడి మాంసం ఎలా ఉందని అడగకూడదు.

దారులు చీలడం ఇంకో విశేషం. చాలా స్టేజీలకు జంటగా మరో స్టేజీ ఉంటుంది. దానికి వెళ్లే దారి ఒక పగిలే గోడ వెనకో, అందరూ తప్పించుకునే గోతిలోనో ఉంటుంది. మరియాను విడిపించాలంటే ఒక తాళంచెవి దొరకాలి. ఆ తాళంచెవి పక్క ఆయుధం ఉండాల్సిన చోటును ఆక్రమిస్తుంది. అంటే దాన్ని మోసినంత దూరం శిలువా లేదు, గొడ్డలీ లేదు. దారిలో పొరపాటున ఇంకో ఆయుధం తీసుకుంటే తాళంచెవి కిందపడుతుంది, మాయమయ్యేలోపు మళ్లీ ఏరుకోవాలి. ఒక చిన్న వస్తువుతో ఇంత గుబులు పుట్టించిన గేమ్‌లు తక్కువ. ఇక ఆ కోట ప్రవేశ మంటపం 1986 గేమ్‌లోని మొదటి స్టేజీకి అచ్చంగా నకలు. పాత ఆటగాడు హాయిగా అందులో నడుస్తుండగానే వెనక గోడ బద్దలు కొట్టుకుని బెహిమోత్ అనే భారీ జంతువు తరుముకొస్తుంది.

స్టేజీ చివర ఎదురయ్యే బాస్‌ల దగ్గర రోండో చేసే చిన్న మోసం ఒకటుంది. ప్రాణపు గీత ఖాళీ అయ్యాక కూడా వాళ్లలో చాలామంది పోతూ పోతూ ఒక దెబ్బ కొడతారు. గెలిచాననుకుని చెయ్యి వదిలేసినవాడు ఆ దెబ్బకు పోతాడు. మరియాను విడిపిస్తే ఆమెతోనూ ఆడొచ్చు. పావురాలను విసురుతుంది, గాల్లోనే రెండోసారి ఎగురుతుంది, నేల మీద జారిపోతుంది. దెబ్బకు తట్టుకోలేదు కానీ రిక్టర్ కన్నా ఆమెతో కోట దాటడం చాలా తేలిక. కష్టంగా ఉందని ఫిర్యాదు చేసేవాళ్లకు కొనామి 1993లోనే ఇచ్చిన జవాబు ఈ పన్నెండేళ్ల పిల్ల.

2007లో ఈ గేమ్‌ను తిరిగి కట్టిన ప్రొడ్యూసర్ కోజి ఇగరాషి. సింఫనీ బృందంలో పనిచేసిన మనిషి. ఆయన బృందం నడకను, ఎగురుడును, శత్రువుల వరసను దాదాపు తాకలేదు. అది సరైన నిర్ణయం. మార్చింది పైపూత. చేత్తో గీసిన చుక్కల బొమ్మల స్థానంలో త్రీడీ ఆకారాలు వచ్చాయి, ఆట మాత్రం పక్కనుంచి చూసే పాత పద్ధతిలోనే సాగుతుంది. టీవీ కార్టూన్‌లా ఉండే పాత పాత్రలకు అయామి కొజిమా కొత్త రూపం ఇచ్చింది. ఆమె గీతలో అందం ఉంది, కానీ ఆటలోకి వచ్చేసరికి ఆ అందం చిక్కదు. మండుతున్న ఊరి వెనక 1993లో కనిపించిన ఎర్రటి ఆకాశం ముందు కొత్తది వెలవెలబోతుంది. కోట లోపలి రాతి గోడలు మాత్రం లోతు సంతరించుకున్నాయి.

కథలోనూ కొంత చేర్చారు. ఆనెట్‌ను సమయానికి విడిపించకపోతే ఆమె రక్తపిశాచిగా మారి ఎదురవుతుంది, కాబోయే భర్త ఆమెతోనే పోరాడాలి. పాత గేమ్‌లో ఆమెను వదిలేసినా పెద్ద నష్టం లేదు. ఈ ఒక్క మార్పుతో, వెతికినా వెతకకపోయినా ఒకటే అనుకునే వెసులుబాటు పోయింది. డ్రాక్యులాకు అదనంగా మూడో రూపం వచ్చింది. స్టేజీల్లో దాచిన పాటలను ఏరుకుని, ఏ స్టేజీకి ఏ పాట మోగాలో ఆటగాడే నిర్ణయించుకోవచ్చు. రోండో పాటలు మొదట సీడీ మీద నేరుగా రికార్డయినవి. వాటి కోసమే ఈ గేమ్ కొన్నామని చెప్పేవాళ్లూ ఉన్నారు, వాళ్లను తప్పుపట్టలేం.

అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు వేరే ఉంది. 1993 నాటి అసలు రోండో, 1997 నాటి సింఫనీ రెండూ ఇదే డిస్కులో ఉన్నాయి. మెనూలో కనిపించవు. కొత్త గేమ్‌లో దాచిన వస్తువులుగా వాటిని వెతికి పట్టుకోవాలి. అంటే కొత్తది నేర్చుకున్నవాడికే పాతది దక్కుతుంది. సింఫనీకి ఇంగ్లిషు సంభాషణలు మళ్లీ రాసి, కొత్త గొంతులతో చెప్పించారు. పాత డబ్బింగ్ అతిగా ఉందని నవ్వినవాళ్లే, కొత్తది విన్నాక ఆ అతి కోసం బెంగపెట్టుకున్నారు. సింఫనీలోనూ మరియాతో ఆడే వీలు కల్పించారు.

పీఎస్‌పీ తెర 4.3 అంగుళాలు, 480×272 చుక్కలు. కొత్త రోండో ఆ వెడల్పు తెరకే కొలిచి కుట్టింది. అసలు రోండో టీవీ నాటిది కాబట్టి, రెండు పక్కలా ఖాళీ వదిలి సరైన కొలతలో చూడాలి, లేదంటే తెర నిండా సాగదీసి రిక్టర్‌ను లావుగా చూడాలి. పీఎస్‌పీ మొదటి మోడల్ తెర నెమ్మది, చీకటి స్టేజీల్లో కదిలే బొమ్మల వెనక మసక చార ఒకటి ఈడ్చుకొస్తుంది. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే కోట బదులు మన ముఖం కనిపిస్తుంది. మేలు కూడా ఉంది. పవర్ మీటను ఒకసారి జరిపితే ఆట ఉన్నచోటే నిద్రపోతుంది. ఉదయం రైల్లో దిగాల్సిన స్టేషను వచ్చేస్తే, మినోటార్ అనే బాస్‌ను గాల్లో ఆపేసి ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం తిరుగు రైల్లో అక్కడి నుంచే అందుకోవచ్చు. విడతలు విడతలుగా సాగే స్టేజీలున్న గేమ్‌కు ఇంతకన్నా అనువైన యంత్రం అప్పట్లో లేదు.

వలసవాళ్లకు ఇంకో సౌకర్యం ఉండేది. డీవీడీలకు అమెరికాలో 1, ఇండియాలో 5 అని ప్రాంతపు సంఖ్యలుండేవి, ఒకచోటి డిస్కు ఇంకోచోటి ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. పీఎస్‌పీ గేమ్ డిస్కులకు ఆ అడ్డు లేదు. సింగపూర్‌లో కొన్నది న్యూజెర్సీలో కొన్న యంత్రంలో ఆడేది, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడి యంత్రంలోనూ ఆడేది.

అసలు రోండో ఆ తర్వాత చాలా దారుల్లో దొరికింది. నింటెండో వీ మీద, 2018లో ‘కాసిల్‌వేనియా రెక్వియమ్’ పేరుతో సింఫనీతో కలిపి ప్లేస్టేషన్ 4 మీద, 2020లో పీసీ ఇంజిన్ మినీ లోపల వచ్చింది. సూపర్ నింటెండో ‘డ్రాక్యులా ఎక్స్’ సైతం 2021లో ‘అడ్వాన్స్ కలెక్షన్’లో చోటు సంపాదించింది. రెక్వియమ్‌లో 2007 నాటి పునర్నిర్మాణం మాత్రం లేదు. దాన్ని ఆడాలంటే పాత పీఎస్‌పీయో, డౌన్‌లోడ్ చేసుకున్న కాపీతో సోనీ వాళ్ల మరో చేతి యంత్రం వీటాయో కావాలి. డిస్కు కావాలనుకుంటే సెకండ్ హ్యాండ్ కొట్లలో వెతుక్కోవాలి. పద్నాలుగేళ్లు దొరకని గేమ్‌ను అందరికీ అందించడానికి కట్టిన కొత్త రూపమే ఇప్పుడు దొరకడం కష్టమైంది.