ఎర్రనీరు వచ్చాక

గోదారి మీద లాంచీ ఎక్కితే అందరి కళ్లూ కొండల మీదే ఉంటాయి. సరంగు మాత్రం నీళ్లను చూస్తుంటాడు. ఆయన చూపు ఎటు పోతే అటు చూడటం నాకు అలవాటైంది. ఏటి గురించి నాకు తెలిసిందంతా అలా వచ్చిందే.

వేసవిలో ఒకసారి దగ్గరి దారి ఉండగా లాంచీ అవతలి ఒడ్డు పట్టుకుని చుట్టు తిరుగుతోంది. "ఇంత చుట్టెందుకండీ?" అని అడిగాను. సరంగు ముందున్న కుర్రాడికి సైగ చేశాడు. వాడు వంపు లోపలి వైపు గెడ దింపి పైకెత్తి చూపించాడు. తడి రెండు మూరలు దాటలేదు. వంపు దగ్గర బయటి ఒడ్డును ఏరు కోసుకుపోతుంది, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది. సన్నటి అలలు మెరుస్తూ నీటి రంగు లేతబడితే అక్కడ లోతు లేనట్టే.

వాన విషయం ఇంకా ముఖ్యం. 2018 మే 15న మంటూరు దగ్గర గాలివానకు లాంచీ మునిగింది. జల్లు కొట్టకుండా తలుపులు, కిటికీలు మూసుకుని లోపల కూర్చున్నవాళ్లు బయటపడలేకపోయారు. పైగా, మూసిన పక్కలు గాలికి తెరచాపల్లా పనిచేస్తాయి. వానొస్తే తడవాలి, అంతే.

మరుసటి ఏడాది సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక లాంచీని తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. యాభై మంది దాకా పోయారు. ఆ రోజు వరద సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 11.75 అడుగులకు, అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులప్పుడు. హెచ్చరిక లేదు కదా అని ధైర్యపడేవాళ్లు ఒకటి గమనించాలి. అది గట్ల కోసం, లంక ఊళ్ల కోసం పెట్టుకున్న లెక్క. కొండల మధ్య ఏరు ఇరుకై, సుడులు తిరిగే చోట లాంచీకి అందులో సగం వరదే ఎక్కువ.

లైఫ్ జాకెట్టు ఒళ్లో పెట్టుకోకండి, తొడుక్కుని తాళ్లు బిగించండి. ఫొటోల కోసం అందరూ ఒకే పక్కకు చేరకండి. పాపికొండలు చూడాలంటే కార్తీకంలో వెళ్లండి, ఏరు కుదుటపడి ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో రేవు దగ్గర వరద నీళ్లు ఎర్రగా కనిపిస్తే, టికెట్టు డబ్బులు పోయినా సరే, పిల్లల్ని తీసుకుని వెనక్కి వచ్చేయండి.