మాటల లెక్క

“లెక్కలు రాని పిల్ల” అను మాట మన యిండ్లలో ఎంత తేలికగా పుట్టునో అంత తేలికగా చావదు. ఒకసారి ఆడపిల్ల నెత్తి కెక్కెనా, పెండ్లియై అత్తవారింటికి పోవునపుడు సారెతోబాటు అదియు వెంటబోవును. మా బంధువర్గమున ఒక యెనిమిదేండ్ల బాలికకు ఈ పేరు పడబోయిన తీరును, అందులో మా తప్పెంతయో దానిని చదువరులకు విన్నవింప దలచితిమి.

మేము నంద్యాలలో కాపురముండువారము. మా చెల్లెలు ఆళ్లగడ్డలో నున్నది. నడుమ దూరము నలువది కిలోమీటర్లు. శిరివెళ్ల మీదుగా బస్సులో ఒక గంట ప్రయాణము. ఆమె కుమారుడు, అనగా మా మేనల్లుడు, ఆ యూరికి పేరు దెచ్చిన శిల్పుల పనిలోనివాడు. ఉలిపట్టి విగ్రహములు చెక్కును. వానికి బిడ్డలిద్దరు: మూడవ తరగతి చదువు బాలిక, రెండవ తరగతి చదువు బాలుడు. గడచిన వేసవికి ముందు వాడు ఫోనులో, “మామా, జూన్‌లో పిల్లోణ్ణి నంద్యాల బడిలో చేరుస్తాం, మీ యింట్లోనే ఉంటాడు. పాపకు లెక్కలు రావంటుండారు. దానికి అంత ఫీజు కట్టి ఏం లాభం?” అనెను. “అది తప్పు” అని మేము వెంటనే చెప్పవలసినది. చెప్పలేదు. “వచ్చి చూచెదము” అంటిమి. బాలికల చదువును గూర్చి సభలలో ఎన్నిమార్లో మాటలాడిన నోటికి ఆ సమయమున అంతకంటె మంచిమాట రాలేదు.

మేము పోవునప్పటికి మా చెల్లెలు లోపల పొయ్యి దగ్గర నుండెను. వీధివైపు గదిలో ఆమె నడుపు చిన్న అంగడియందు పాప ఒక్కతే కూర్చుండెను. ఒకామె వచ్చి బొరుగులు, శనగపప్పు, ఒక సబ్బుబిళ్ల తీసికొని యేబది రూపాయల నోటిచ్చెను. సరకు ముప్పదియైదు రూపాయలది. పాప కాగితముగాని కలముగాని ముట్టలేదు. మొదట అయిదు రూపాయల బిళ్ల ఆమె చేతిలో బెట్టి “నలభై” అనెను. పిదప పదిరూపాయల నోటుంచి “యాభై” అనెను. ఆమె వెళ్లిపోయెను. ఏబదిలో ముప్పదియైదు తీసివేయుమని ఎవరును ఆ బిడ్డతో చెప్పలేదు. తీసివేతను ఆమె కూడికగా మార్చుకొని పని ముగించెను. తరతరములుగా అంగళ్లలో చిల్లర యిచ్చు పద్ధతి యిదియే.

పిమ్మట ఆమె నోటుపుస్తకము చూచితిమి. అందొక లెక్క: “సీత వద్ద 12 గాజులు గలవు. అవి లక్ష్మి గాజులకంటె 4 ఎక్కువ. లక్ష్మి వద్ద ఎన్ని గాజులు గలవు?” పాప 16 అని వ్రాసినది. దానిమీద ఎఱ్ఱసిరాతో అడ్డగీత పడియున్నది.

“ఇదేమమ్మా, ఎందుకు కలిపినావు?” అని యడిగితిమి.

“ఎక్కువ అని ఉంది గదా తాతా. ఎక్కువ అంటే కూడాల, తక్కువ, మిగిలినవి అంటే తీసేయాల అని సంక్రాంతి సెలవుల్లో నువ్వే చెప్పినావు.”

నిజమే. సంక్రాంతికి వచ్చినపుడు, త్వరగా మార్కులు వచ్చునని తలచి, ఒక కాగితముపై రెండు వరుసలుగా ఆ మాటలు వ్రాసి యిచ్చినవారము మేమే. ఆ కాగితమును పాప నోటుపుస్తకపు అట్టకు లోపల జిగురుతో అంటించుకొని యున్నది. ఆ బిడ్డ తెలివితక్కువది గాదు; మా మాటను నమ్మిన బిడ్డ. గాజుల లెక్కను నిదానముగా చదివినచో లక్ష్మికి 8 గాజులే. అందులోని “ఎక్కువ” అను పలుకు కూడుమని ఆజ్ఞ యిచ్చుటలేదు. ఇద్దరికి గల సంబంధమును మాత్రము చెప్పుచున్నది.

నాటినుండి ఈ విషయమును కొంత శ్రద్ధతో విచారించితిమి. కూడిక తీసివేతల మాటల లెక్కలను విద్యావేత్తలు ముఖ్యముగా మూడు తెగలుగా విభజింతురు. ఉన్నదానికి వచ్చి చేరుటయో, దానినుండి పోవుటయో మొదటిది. రెండు భాగములు కలిసి యొక మొత్తమగుట రెండవది. ఇద్దరి సొత్తును పోల్చి చూచుట మూడవది. పోలికలో ఏ వస్తువును చేతులు మారదు గనుక పిల్లలకు అదియే కడు కష్టము. తెలియనిది ఎక్కడ నున్నదను దానినిబట్టియు కష్టము మారును. “రంగని వద్ద కొన్ని చింతగింజలుండెను. 5 గింజలు తమ్మునికిచ్చెను. 7 మిగిలెను. మొదట ఎన్ని?” అను లెక్కలో “ఇచ్చెను”, “మిగిలెను” అను రెండుమాటలును తీసివేతవైపే లాగును. కాని చేయవలసినది కూడిక, జవాబు 12. మా కాగితము ఇచ్చటను బిడ్డను ముంచియుండును.

తెలుగున మరియొక చిక్కు గలదు. “లక్ష్మికి రంగడు నాలుగు జామపండ్లిచ్చెను” అనినచో లక్ష్మి పండ్లు పెరుగును. “లక్ష్మి రంగనికి నాలుగు జామపండ్లిచ్చెను” అనినచో తరుగును. పేర్లు అవే, అంకె అదే, క్రియ అదే. విభక్తి యొక్కటి చోటు మారుటచే కూడిక తీసివేత యైనది. అంకెలను మాత్రము ఏరుకొని చదువు బిడ్డకు ఈ విభక్తి కనబడదు. కావున మాటల లెక్కలో తప్పిన బిడ్డ గణితమున తప్పినదో, చదువుటలో తప్పినదో ముందు తేల్చుకొనవలెను. మన రాష్ట్రమున 2020 తరువాత ఒక పుట ఇంగ్లీషునను, ఎదుటిపుట తెలుగునను ఉండునట్లు పాఠ్యపుస్తకములు ముద్రించిరి. బిడ్డకు అర్థమగు పుటను ముందు చదివించుటలో చిన్నతనమేమియు లేదు.

ఇది మన యూరి జాడ్యము మాత్రమే కాదు. 1980 ప్రాంతమున ఫ్రాన్సు దేశమందలి గ్రెనోబుల్ పట్టణమున చిన్న తరగతుల పిల్లలకు ఒక వింతప్రశ్న యిచ్చిరి: “ఓడలో 26 గొఱ్ఱెలు, 10 మేకలు గలవు. ఓడ నాయకుని వయస్సెంత?” 97 మందిలో 76 మంది ఆ రెండంకెలతో ఏదో చేసి యొక జవాబు వ్రాసిరి. బ్రెజిల్ దేశమున రెసీఫె నగరపు వీధులలో సరకులమ్ము అయిదుగురు పిల్లలను పరీక్షించి 1985లో ప్రకటించిన ఫలితములు దీనికి ఆవలితట్టు. బేరము చేయుచు నోటితో చెప్పిన లెక్కలలో నూటికి 98 సరియైనవి. అట్టి లెక్కలనే మాటలలో వ్రాసి యిచ్చినపుడు నూటికి 74. ఉత్త అంకెలుగా నిచ్చినపుడు 37 మాత్రమే. కలకత్తా, ఢిల్లీ అంగళ్లలో పనిచేయు వేయిమందికి పైగా బాలబాలికలను పరీక్షించి 2025లో ప్రకటించిన పరిశోధనయు, అంగడిలెక్క బడిలెక్కకు దానంతటది ప్రాకదనియు, బడిలెక్క వచ్చిన పిల్లలు అంగడిలో తడబడుదురనియు తేల్చినది. రెంటికి నడుమ వంతెన కట్టవలసినవారు పెద్దలే.

ఆ వంతెన మన పూర్వులకు తెలియనిది గాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన, మూలమునందలి జైనసంబంధములైన ఉదాహరణములను విడిచి, తనవారెరిగిన శైవసంబంధములైన వానిని చేర్చెను. లెక్క మారలేదు, లెక్కలోని లోకము మారినది.

మేము ఆళ్లగడ్డలో నాలుగుదినములు నిలిచితిమి. మొదట పాపచేతనే ఆ కాగితమును చింపించితిమి. ప్రతి లెక్కను ముందు అంకెలు లేకుండ కథగా చెప్పించితిమి: ఎవరికి ఎక్కువ? ఎవరికి తక్కువ? ఏమి తెలిసినది, ఏమి తెలియవలెను? పిదప చింతగింజలు రెండు వరుసలుగా పేర్పించితిమి. సీతవరుస పొడవు, లక్ష్మివరుస పొట్టి. అటుపిమ్మట గింజలకు మారుగా పలకపై రెండు గీతలు. కూడికయో తీసివేతయో కడపటనే నిర్ణయించుట. వచ్చిన జవాబును మరల కథలో బెట్టి చదివి చూచుట. మూడవనాడు పాపయే ఒక లెక్క కల్పించెను: “అవ్వ పొద్దున 30 బొరుగుల పొట్లాలు కట్టింది. కొన్ని అమ్మింది. సందేళకు 12 ఉండాయి. ఎన్ని అమ్మింది?” మా చెల్లెలు నవ్వి, “పద్దెనిమిదే! అదీ అప్పు బెట్టినవి గాక” అనెను.

ఆ రాత్రి భోజనమువేళ మేనల్లునికి గాజుల లెక్కను మేమే చదివి వినిపించితిమి. పనినుండి అలసి వచ్చినవాడు, ముద్ద కలుపుచు “పదహారు” అనెను. పాప తండ్రివంక చూచి ఏమియు అనలేదు. లోనికిబోయి చింతగింజలు తెచ్చి విస్తరిప్రక్కన రెండు వరుసలు పేర్చెను. వాడు చూచెను. చేయి ఆగెను. కొంతసేపటికి, “రాయి దగ్గర ఇట్లా తొందరపడితే రాయే పోతుంది మామా. తీసినంక మళ్లీ కూడేది ఉండదు” అనెను. ఆ మాట మాకును తగిలెను. తొందరపడి ఆ బిడ్డను తీసివేయబోయినవారిలో మేమును ఒకరము.

మరునాడు బయలుదేరునపుడు వాడొక చీటీపై ఫీజులు, బస్సుచార్జీలు లెక్కవేయుచుండెను. అందు ఇద్దరు బిడ్డల పేర్లును ఉన్నవి. మొత్తము వానికి భారమే. ఏమి చేయునో ఇంకను చెప్పలేదు. మా యింట ఒకరికున్నచోటు ఇద్దరికిని ఉన్నదని మాత్రము ఈ తడవ వెంటనే చెప్పితిమి.

చదువరులైన తల్లులారా, తండ్రులారా! మీ బిడ్డ లెక్క తప్పినపుడు ఎఱ్ఱగీతకు ముందు ఒక ప్రశ్న వేయుడు: “ఎందుకట్లు చేసితివి తల్లీ?” ఆ జవాబులో మీ పాఠమే వినబడవచ్చును. మాకు వినబడినది.