స్తంభం నుంచి ఇంటిదాకా

ఇంటి నెట్ కంపెనీ మార్చాలనుకున్నప్పుడు అందరి చూపూ ముందు రెండు అంకెల మీద పడుతుంది: నెలకు ఎంత, స్పీడు ఎంత. ఆ రెండూ చూడవలసినవే. కానీ వాటితోనే తేల్చేసుకున్న ఇళ్లలో తరచు కంపెనీ మారుతుంది, బాధ మాత్రం అలాగే ఉంటుంది. నెట్ నిలకడగా ఉంటుందా లేదా అన్నది వీధి స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే కాస్త తీగ మీద, అది తెగిన రోజున నిచ్చెన పట్టుకొచ్చే మనిషి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. పోలిక అక్కడ మొదలుపెట్టడమే సరైన పద్ధతి.

హైదరాబాదు, విజయవాడ, విశాఖ వంటి నగరాల్లో చాలా వీధుల్లో జియో, ఎయిర్‌టెల్, ఏసీటీ, బీఎస్ఎన్ఎల్ తీగలు పక్కపక్కనే పోతుంటాయి. వాటికి తోడు ఒకటి రెండు పేటలకే పరిమితమైన చిన్న కంపెనీలు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లకు ఫైబరు లాగి, అక్కణ్నుంచి ఇళ్లకు ఇచ్చే పని స్థానిక కేబుల్ ఆపరేటర్లకు అప్పగించింది. మొదట్లో నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్ మూడూ ఇస్తామని వచ్చిన పథకం అది. బీఎస్ఎన్ఎల్ కూడా చాలాచోట్ల స్థానిక భాగస్వాముల చేతనే ఇళ్లకు ఫైబరు ఇప్పిస్తోంది. కాబట్టి బిల్లు మీద పేరు ఒకటే అయినా, ఒక పేటలో పూటలోగా బాగయ్యే లైను పక్క పేటలో మూడు రోజులు పడి ఉండవచ్చు.

ఈ సంగతి ఏ ప్రకటనలోనూ దొరకదు, ఇరుగుపొరుగు దగ్గర దొరుకుతుంది. అయితే “మీ నెట్ ఎలా ఉంది?” అని అడిగితే “పర్లేదండీ” అనే జవాబే వస్తుంది. “పోయినసారి లైను ఎప్పుడు పోయింది, మళ్లీ ఎప్పుడొచ్చింది, ఎవరు వచ్చి చేశారు?” అని అడగాలి. అపార్టుమెంటులో అయితే వాచ్‌మన్‌కు ఈ విషయం అందరికన్నా బాగా తెలుస్తుంది. ఏ కంపెనీ వాళ్లు ఎన్నిసార్లు వచ్చిపోతున్నారో చూసేది ఆయనే.

తీగ ఏ దారిన వస్తోందో కూడా చూడాలి. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తరువాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లను తొలగించడంతో నగరంలో చాలా ఇళ్లకు నెట్ ఆగిపోయింది. చుట్టలు చుట్టలుగా స్తంభానికి వదిలేసిన తీగ దారినపోయే మనుషులకూ ప్రమాదమే, కనెక్షనుకూ ప్రమాదమే. భూమిలోంచి గొట్టంలో వచ్చే లైను ఒక కంపెనీకి ఉండి ఇంకొకరికి లేకపోతే, నెలకు వంద రూపాయలు ఎక్కువైనా మొదటిదే మేలు.

ఇంట్లో గోడకు బిగించే చిన్న డబ్బాను ఓఎన్‌టీ అంటారు. ఫైబరులో వచ్చే వెలుతురును నెట్‌గా మార్చేది అదే. దాని మీద పాన్ అని రాసి ఉన్న దీపం పచ్చగా, కదలకుండా వెలగాలి. లాస్ దీపం ఎర్రగా మిణుకుమంటే వెలుతురు అందడం లేదని అర్థం. తీగ తెగి ఉండాలి, లేదా ఎక్కడో గట్టిగా మడతపడి ఉండాలి. బిగించడానికి వచ్చిన కుర్రాడు తీగ కొసన ఓ చిన్న మీటరు పెట్టి చూస్తాడు. అందులో డీబీఎం లెక్కన కనిపించే అంకె మైనస్ 20 దరిదాపుల్లో ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటి కిందికి దిగితే లైను పోతూ వస్తూ ఉంటుంది. ఆ అంకెను ఆ రోజే అడిగి రాసి పెట్టుకుంటే, తరువాత ఎప్పుడైనా నెట్ మందగించినప్పుడు లోపం తీగదో ఇంట్లోని వైఫైదో తేలిపోతుంది.

చాలామంది కంపెనీ మీద పెట్టుకునే కోపం నిజానికి వైఫై మీద పెట్టుకోవలసింది. ప్లాన్‌లో చెప్పే 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు వంద మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక ఫైలు దిగేది సెకనుకు 12.5 మెగాబైట్ల చొప్పున. ఒక జీబీ సినిమాకు 80 సెకన్లు పట్టాలి. ఆ వేగం 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద అదే గదిలో రావచ్చు. రెండు గోడలు, ఒక ఇనుప బీరువా దాటాక 2.4 గిగాహెర్ట్జ్ మీద సగం కూడా రాకపోవచ్చు. పాత రూటర్లలో తీగ గుచ్చే పోర్టు వందకు మించి ఇవ్వదు గనుక, అలాంటి ఇంట్లో 200 ప్లాన్‌కు కట్టే అదనపు డబ్బు వృథా. కంపెనీ మార్చే ముందు ల్యాప్‌టాప్‌ను తీగతో నేరుగా రూటరుకు కలిపి, ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి స్పీడు చూడాలి. పొద్దున వచ్చినంతా రాత్రీ వస్తుంటే మార్చవలసింది రూటరును, లేదా రూటరు పెట్టిన చోటును. రాత్రి బాగా పడిపోతుంటే ఆ కంపెనీ ఒకే లైను మీద మోయలేనన్ని ఇళ్లను కలిపిందని అనుకోవచ్చు.

హెచ్‌డీ సినిమాకు 5 ఎంబీపీఎస్, 4కేకు 15 నుంచి 25 చాలు. నలుగురున్న ఇంటికి వంద ధారాళంగా సరిపోతుంది. ఇంటినుంచి ఉద్యోగం చేసేవాళ్లు, అమెరికాలో ఉన్న పిల్లలతో రోజూ వీడియోలో మాట్లాడే పెద్దవాళ్లు అప్‌లోడ్ వేగం అడగాలి. పాత టీవీ కేబులు మీద ఇచ్చే కనెక్షన్లలో అది చాలా తక్కువ. ఫైబరులో రెండు వైపులా సమానంగా ఇచ్చే కంపెనీలు ఉన్నాయి.

అన్‌లిమిటెడ్ అన్న మాటకు కూడా హద్దు ఉంటుంది. పెద్ద కంపెనీల ఫైబరు ప్లాన్లలో తరచు కనిపించే పరిమితి నెలకు 3300 జీబీ, అంటే రోజుకు 110. మామూలు ఇల్లు అంత వాడదు. తీగ లేకుండా 5జీ మీద ఇచ్చే ఎయిర్‌ఫైబరులో ఇది తరచు 1000 జీబీయే ఉంటుంది. 2023 వినాయక చవితి నాడు జియో దాన్ని మొదలుపెట్టిన ఎనిమిది నగరాల్లో హైదరాబాదు ఒకటి. ఫైబరు చేరని కాలనీలకు అది నిజంగా ఆసరా. ఫైబరు వచ్చే చోట మాత్రం ఫైబరే తీసుకోవాలి.

ధర చూసేటప్పుడు పన్ను కలుపుకోవాలి. 499 రూపాయల ప్లాన్ 18 శాతం జీఎస్టీతో 588.82 అవుతుంది, ఆరు నెలలకు ఒకేసారి కడితే 3532.92. ఏడాదికి కడితే ఒకటి రెండు నెలలు ఉచితం అంటారు గానీ, తెలియని కంపెనీకి మొదటే ఏడాది డబ్బు కట్టడం తొందరపాటు. నెల ప్లాన్‌తో మొదలుపెట్టి, వీలైతే ఒక వానాకాలం గడిచాక పెద్ద ప్లాన్‌కు వెళ్లాలి. ఓటీటీలు కలిపిన ప్లాన్ విషయంలో, ఇంట్లో వాళ్లు ఇప్పటికే డబ్బు కట్టి చూస్తున్నవాటినే లెక్కలోకి తీసుకోవాలి.

మొబైల్ నంబరును ఉంచుకుని కంపెనీ మారినట్టు ఇంటి నెట్‌లో కుదరదు. కొత్త కంపెనీ తన తీగ తాను తెచ్చుకోవలసిందే. అందుకని పాత ప్లాన్ ఇంకా పది పదిహేను రోజులు ఉండగానే కొత్తది పెట్టించి, రెండూ నడుస్తుండగా సరిచూసుకోవాలి. కొత్త రూటరుకు పాత వైఫై పేరు, పాస్‌వర్డే పెడితే టీవీ, సీసీ కెమెరా, ఫోన్లు చాలావరకు వాటంతటవే కలుస్తాయి. పాత కనెక్షన్‌ను రీచార్జి చేయకుండా వదిలేయడం కాక, రాతపూర్వకంగా రద్దు చేయించుకోవాలి. డబ్బా, ఛార్జరు తిరిగి ఇచ్చేటప్పుడు వాటి సీరియల్ నంబరు ఫోటో తీసుకుని, అందినట్టు రసీదు తీసుకుంటే, అడ్వాన్సుగా కట్టిన సొమ్మును అడగడానికి అదే ఆధారం.