కాగితపు శిరస్త్రాణం

ఈసారి రక్తపోటు గురించో మధుమేహం గురించో రాయడం లేదు. మా మనవడు కాగితంతో చేసిన ఒక శిరస్త్రాణం గురించి రాస్తున్నాను. మీ ఇంట్లో పదిహేను, పదహారేళ్ల పిల్లలుంటే దయచేసి చివరిదాకా చదవండి.

కాస్‌ప్లే అనే మాట మీలో కొందరికి కొత్త కావచ్చు. సినిమాలలోనో, బొమ్మల కథలలోనో, వీడియో ఆటలలోనో కనిపించే పాత్రల వేషం కట్టుకొని ఉత్సవాలకు వెళ్ళడాన్ని అలా అంటారు. కాస్ట్యూమ్, ప్లే అనే రెండు ఇంగ్లీషు మాటలను కుదించి జపాను వారు చేసిన పదమిది. హైదరాబాదులో జరిగే కామిక్‌కాన్‌కు మన పిల్లలు ఎందరో ఇలాంటి వేషాలతో వెళుతున్నారు. నా చిన్నతనంలో మా ఊరి పద్యనాటకంలో దుర్యోధనుడి కిరీటం కూడా అట్టముక్కే, దానిమీద అంటించినది మెరుపు కాగితమే. కనుక ఈ సరదాను ఎగతాళి చేసే హక్కు మా తరానికి లేదు.

మావాడు ఎంచుకున్నది హేలో అనే ఆటలోని సైనికుడి శిరస్త్రాణం. పెపకురా డిజైనర్ అనే జపాను సాఫ్ట్‌వేర్ ఉంది. కంప్యూటరులోని ఘనాకారపు బొమ్మను అది విప్పి, నారింజ తొక్కను పరచినట్టుగా కాగితం మీద ముక్కలుగా పరుస్తుంది. ఆ ముక్కలను సుమారు 200 జీఎస్ఎం మందం గల కాగితం మీద ముద్రించుకోవాలి. ఒక రకం గీత దగ్గర కాగితాన్ని వెనక్కి, మరో రకం గీత దగ్గర ముందుకు మడవాలి. అంచుల మీద అంకెలు ఉంటాయి; ఒకే అంకె ఉన్న అంచులు రెండూ కలిపి అంటించాలి. మడత సూటిగా రావడానికి సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ముందుగా గీసుకోవాలని వాడే నాకు నేర్పాడు. మొదటిసారి ప్రింటరు కాగితానికి సరిపడేలా బొమ్మను కుదించేసింది. తీరా అతికించాక అది మా చంటి మనవరాలి తలకు సరిపోయింది! రెండోసారి తల చుట్టుకొలత తీసుకొని, ముద్రించిన గీతను స్కేలుతో సరిచూసుకొని మళ్ళీ మొదలుపెట్టాడు. మూడు వారాలు పట్టింది. చదువులో ఎన్నడూ చూడని ఓర్పు అది.

అసలు సంగతి ఆ తరవాతిది. కాగితపు డొప్ప మెత్తగా ఉంటుంది కదా, దానిని గట్టిపరచాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం వాడి గది ముందు నుంచి నడుస్తూ ఘాటైన, తియ్యటి వాసన పసిగట్టాను. తలుపు తట్టితే ఒక పట్టాన తీయలేదు. వాసన బయటికి వస్తే వాళ్ళమ్మ కోప్పడుతుందని తలుపు కింద సందులో తువ్వాలు దోపి, కిటికీలు మూసి, ఏసీ వేసుకొని కూర్చున్నాడు. ముందు రెసిన్ డబ్బా, పక్కన రెండు చిన్న సీసాలు. ముఖానికి కరోనా నాటి ఎన్95 మాస్కు. కళ్ళకు ఏమీ లేదు.

"మాస్కు పెట్టుకున్నాను కదా తాతయ్యా!" అన్నాడు.

ఆ సీసాలను చూడగానే నాకు ఒక ముఖం గుర్తుకు వచ్చింది. 1990ల తొలి రోజుల్లో కోస్తాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. చేపల వేటకు చెక్క పడవల బదులు ఫైబర్ పడవలు వస్తున్న కాలమది. ఆ పడవలకు పూత వేసే ఒక యువకుడు కంటిమీద చెయ్యి అడ్డం పెట్టుకొని వచ్చాడు. గట్టిపరిచే మందు చుక్క ఒకటి చింది కంట్లో పడిందట. ఎప్పుడని అడిగితే, "డబ్బాలో మందు గట్టిపడిపోద్దండి, అందుకని పూత అయ్యాక వచ్చానండి" అన్నాడు. గంట దాటిపోయింది. ఆ సీసాలో ఏముందో నాకూ తెలియదు. సెలైనుతో కడుగుతూనే ఉన్నాను. నల్లగుడ్డు మీద అప్పటికే తెలుపు కమ్ముకొంది. పెద్దాసుపత్రికి పంపాము. ఆ కంటికి చూపు తిరిగి రాలేదు.

ఆ మందు పేరు మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్ అని తరవాత చదివి తెలుసుకున్నాను. చూడటానికి మంచినీళ్ళలా ఉంటుంది, కంటిలోని కణజాలాన్ని మాత్రం తినేస్తుంది. పడిన మరుక్షణమే, ఆసుపత్రికి పరుగెత్తక ముందే, ధారగా పారే శుభ్రమైన నీటితో కనీసం 15 నిమిషాలు కడగాలి. కాంటాక్టు లెన్సు ఉంటే తీసివేయాలి. ఆ తరవాతనే ఆసుపత్రి. కన్ను నిలవడమూ పోవడమూ ఆ తొలి క్షణాలలోనే తేలిపోతుంది.

మరో ప్రమాదమూ ఉంది. మన దుకాణాలలో ఈ మందుతోపాటు ఊదా రంగు కోబాల్ట్ ద్రావణాన్ని కూడా ఇస్తుంటారు. రెండింటినీ నేరుగా కలిపితే భగ్గున మండవచ్చు, పేలవచ్చు కూడా. ముందు కోబాల్టును రెసిన్‌లో బాగా కలిపాక మాత్రమే రెండోది చేర్చాలి. దుకాణదారు ఈ మాట చెప్పాడా అని అడిగితే మావాడు తల అడ్డంగా ఊపాడు.

ఇక వాసన సంగతి. ఈ రెసిన్‌లో స్టైరీన్ అనే ద్రవం ఉంటుంది. దాని ఆవిరి కళ్ళను, ముక్కును మండిస్తుంది. తలనొప్పి, తలతిరుగుడు, వికారం తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో దీనిని మనుషులలో క్యాన్సర్ కలిగించగల అవకాశం హెచ్చుగా ఉన్న పదార్థాల వర్గంలో చేర్చింది. ఒక్క శిరస్త్రాణంతో క్యాన్సర్ వస్తుందని మిమ్మల్ని భయపెట్టను. ఆ ఆందోళన ఏళ్ల తరబడి దాని మధ్య పనిచేసే కార్మికుల విషయంలోనిది. అయితే ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుందే తప్ప ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు గుళికలున్న వేరే శ్వాసకవచం కావాలి, ఆరుబయట చెయ్యాలి, కళ్ళద్దాలు, చేతితొడుగులు ఉండాలి. అపార్ట్‌మెంటు పడకగదిలో ఇది కుదిరే పని కాదు.

కోప్పడ్డాను. వాడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మూడు వారాల శ్రమ కదా, వాడి బాధ నాకు అర్థమైంది. నాలుగో రోజు నేనే వెళ్ళి మరో దారి చూద్దామన్నాను.

ఫెవికాల్‌లో కొద్దిగా నీళ్ళు కలిపి, వార్తాపత్రిక పీలికలను అందులో తడిపి డొప్ప లోపలివైపు అంటించాము. ఒక్కో పొర పూర్తిగా ఆరాకే మరొకటి. తొందరపడితే కాగితం నాని వంకరపోతుంది. అలా నాలుగు పొరలు. మైదా జిగురైనా పనికివస్తుంది. అయితే పుస్తకాలు కుట్టేవాళ్ళు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, ఇంట్లో ఆ పని చెయ్యకండి. మైలుతుత్తం మింగిన వారికి నేను చేసిన వైద్యం ఇంకా మరచిపోలేదు. పైన గరుకు కాగితంతో రుద్దేటప్పుడు మాత్రం ఆ ఎన్95 అక్కరకు వచ్చింది. రంగు స్ప్రే కాదు, కుంచెతో వేసే ఆక్రిలిక్.

కత్తిరించడానికి వాడు వాడినది మెడికల్ షాపులో కొన్న 11 నంబరు సర్జికల్ బ్లేడు. నేను జీవితమంతా పట్టినదే! పిడి లేకుండా వట్టి వేళ్ళతో పట్టుకొన్నాడు. పాత పిడి ఒకటి వెతికి ఇచ్చి, రెండో చేయి బ్లేడు దారిలో ఎన్నడూ ఉండకూడదని చూపించాను.

ఉత్సవం రోజు నేనూ వెళ్ళాను. శిరస్త్రాణంలో నుంచి ఎదుటిది తప్ప పక్కలు కనబడవు, కాళ్ళ దగ్గర అసలే కనబడదు; మెట్ల దగ్గర నా భుజం పట్టుకొని దిగాడు. లోపల ఉక్క. అరగంటకొకసారి తీయించి నీళ్ళు తాగించాను. వాడి స్నేహితుడొకడు దాన్ని వేలితో తట్టి, "రెసిన్ ఏ కంపెనీది రా?" అని అడిగాడు. "ఈనాడు ఆదివారం" అన్నాడు మావాడు.

రెసిన్ డబ్బా, సీసాలు తిరిగి దుకాణానికి తీసుకువెళ్ళాను. పుచ్చుకున్నారు గాని డబ్బు మాత్రం వెనక్కి ఇవ్వలేదు.