పుదుపేటలో మూడో పెడల్

ఆటోమేటిక్ కారును మాన్యువల్‌గా మార్చాలంటే చెన్నైలో దారి కూవం ఒడ్డున మొదలవుతుంది. బోల్టులు సులభంగానే ఒప్పుకుంటాయి. కంప్యూటర్‌నూ, చట్టాన్నీ ఒప్పించడమే కష్టం

ఎగ్మూర్ స్టేషన్‌లో దిగి నడిస్తే పుదుపేట ఎంతో దూరం కాదు. లాంగ్స్ గార్డెన్ రోడ్డు మొదట్లోనే గ్రీజు వాసన ఎదురొస్తుంది. ఆ తర్వాత కార్లు కనిపిస్తాయి, కాకపోతే ముక్కలుగా. ఒక దుకాణం ముందు తలుపులు మాత్రమే. పక్కదాంట్లో హెడ్‌లైట్లు. ఆ పక్కన ఇంజన్లు, నూనె కారుతూ, ఒకదాని మీద ఒకటి. వెనకే కూవం నల్లగా పారుతోంది. పొద్దున ఇక్కడ నిలిపిన బండి సాయంత్రానికి నలభై దుకాణాల్లో దొరుకుతుందన్నది చెన్నైలో పాత జోకు. వ్యాపారులకు ఆ జోకు నచ్చదు. "2013 దాకా పోలీసు కమిషనర్ మా పక్కనే ఉన్నాడు సార్, దొంగ సరుకు అమ్మితే ఊరుకునేవాడా?" అన్నాడొక పెద్దాయన. కూతవేటు దూరంలోని ఆ పాత కమిషనర్ కార్యాలయం 2021 నుంచి పోలీసు మ్యూజియం.

నేను వెళ్లింది నెల్లూరు మిత్రుడి వెంట. వయసు ముప్ఫై నాలుగు. ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అతని దగ్గర పోలో జీటీ టీఎస్‌ఐ ఉంది. 2013లో భారత్‌లో విడుదలైన ఈ కారు చూడటానికి మామూలు హ్యాచ్‌బ్యాకే. కానీ 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను 105 హార్స్‌పవర్ ఇస్తుంది. అప్పట్లో ఆ ధరలో అంత చురుకైన బండ్లు తక్కువ. చిక్కల్లా ఒక్కటే. మన దేశంలో ఆ ఇంజనుతో ఇచ్చింది ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ ఒక్కటే. యూరప్‌లో అదే ఇంజనుకు ఆరు గేర్ల మాన్యువల్ కూడా ఉండేది. "అక్కడివాళ్లకు ఇచ్చారు, మనకు ఇవ్వలేదు. నేను ఇచ్చుకుంటున్నా" అన్నాడు మిత్రుడు.

దేశం ఎటు వెళుతోందో అతను దానికి ఎదురు నడుస్తున్నాడు. 2014లో మారుతి సెలెరియో చవకలో ఏఎంటీ తెచ్చాక ఎడమకాలికి విశ్రాంతి మధ్యతరగతికీ అందింది. హైదరాబాద్, బెంగళూరు ట్రాఫిక్‌లో గంటసేపు క్లచ్ తొక్కినవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టరు. పైగా మిత్రుడి డీఎస్‌జీ మనిషికన్నా వేగంగా గేర్లు మారుస్తుంది. అందులో రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి బేసి గేర్లను, రెండోది సరి గేర్లను, రివర్స్‌ను చూసుకుంటాయి. మూడో గేరులో వెళుతుండగానే నాలుగోది సిద్ధంగా ఉంటుంది. అయినా కొందరికి చాలదు. పోర్షే 911 జీటీ3ని 2013లో ఆటోమేటిక్‌గానే తెచ్చి, అభిమానులు గొడవ చేశాక 2017లో మాన్యువల్‌ను తిరిగి ఇచ్చింది. బీఎండబ్ల్యూ ఎం3 పాత మోడల్‌లో వచ్చిన ఎస్‌ఎంజీ గేరుబాక్సును తీసి మాన్యువల్ వేయడం అమెరికా, బ్రిటన్‌లలో కొన్ని గ్యారేజీలకు వృత్తే అయింది. వేగం కోసం కాదు, పని తమ చేతిలో ఉండాలని.

పుదుపేటలో మాకు కావలసిన చీటీ పొడవుగానే ఉంది. గేరుబాక్సు ఒక్కటి మారిస్తే సరిపోతుందనుకునేవాళ్లు ఈ చీటీ చూడాలి. క్లచ్, బ్రేకు పెడళ్లున్న మొత్తం చట్రం. ఫ్లైవీల్, ఎందుకంటే డీఎస్‌జీది వేరు. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్. గేరు రాడ్డు, దాని కేబుళ్లు. గేరుబాక్సును మోసే మౌంటింగ్. చక్రాలకు శక్తిని మోసే షాఫ్టులు సరిపోతాయో లేదో కొలిచి చూడాలి. బ్రేకు ఆయిలు డబ్బా కూడా మారాలి. ఈ కార్లలో క్లచ్‌కు ఆయిలు వెళ్లేది ఆ డబ్బాలోంచే. ఆటోమేటిక్ కారు డబ్బాకు ఆ గొట్టం తగిలించే మూతి ఉండదు.

పెడళ్లు సులభంగా దొరికాయి. మామూలు పెట్రోలు పోలో మాన్యువలే కాబట్టి ఆ ముక్కలకు కొదవలేదు. గేరుబాక్సుకు మాత్రం రెండు రోజులు తిరగాల్సి వచ్చింది. చివరికి ఒక సందులో, మేడ మీది గదిలో, ముందుభాగం నుజ్జయిన కారులోంచి తీసినది కనిపించింది. దుకాణదారు భాయ్ ముందుగా గేరుబాక్సు మీద చెక్కిన అక్షరాలను గుడ్డతో తుడిచి చూపించాడు. తర్వాత ఇన్‌పుట్ షాఫ్టును చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టి వినమన్నాడు. "బేరింగు పాడైతే గరగరమంటుంది తంబీ. ఇది పాలలా తిరుగుతోంది." మిత్రుడు బిల్లు అడిగాడు. బీమా కంపెనీ వేలం కాగితం నకలు కూడా అడిగాడు. భాయ్ నొచ్చుకోలేదు. ఈ మధ్య అందరూ అడుగుతున్నారన్నాడు.

కారణం లేకపోలేదు. మీరట్‌లోని సోతీగంజ్ కూడా ఇలాంటి బజారే. దొంగబండ్ల ఆరోపణలతో 2021 డిసెంబరులో పోలీసులు అక్కడి దుకాణాలు మూయించారు. అదే ఏడాది కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం కాలం చెల్లిన బండ్లను తుక్కు చేయాల్సింది నమోదైన కేంద్రాల్లోనే. పుదుపేట చేసే పనికీ ఆ కేంద్రం చేసే పనికీ ఒక తేడా ఉంది. అక్కడ బండి చివరికి లోహం కింద లెక్క. ఇక్కడ బండి ఇంకొక బండికి బతుకు.

గేరుబాక్సును ఆటోలో వేసుకుని అంబత్తూరు పారిశ్రామికవాడ పక్కనున్న షెడ్డుకు చేరాం. మేస్త్రీ చిత్తూరు జిల్లా మనిషి. పన్నెండో ఏట పానాలు అందించడంతో మొదలుపెట్టాడట. డెబ్భై కిలోల డీఎస్‌జీని జాకీ మీదకు దించి, కొత్తదాన్ని ఎక్కించి బిగించేసరికి రెండున్నర రోజులు పట్టింది. మూడో రోజు సాయంత్రం తాళం తిప్పితే ఇంజను కదల్లేదు.

"బోల్టులన్నీ ఒప్పుకున్నాయన్నా, ఇది ఒప్పుకోలేదు" అన్నాడు మిత్రుడు డ్యాష్‌బోర్డు చూపిస్తూ. ఆటోమేటిక్ కారు పార్కింగ్‌లోనో, న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్టవుతుంది. ఆ సంగతి చెప్పాల్సిన గేరుబాక్సు కంప్యూటర్ ఇప్పుడు నేల మీద గోనెసంచిలో ఉంది. కారు దాని జవాబు కోసం ఎదురుచూస్తోంది. మేస్త్రీ చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. ఇక అతని పని లేదు. లాప్‌టాప్‌తో వచ్చిన కుర్రాడికి పాతికేళ్లుండవు. గేరుబాక్సు పేరును కారు జాబితాలోంచి తీసేశాడు. ఇంజను కంప్యూటర్‌లో మాన్యువల్ ప్రోగ్రాం ఎక్కించాడు. క్లచ్ పెడల్ స్విచ్‌కు, రివర్స్ లైటుకు వైర్లు కలిపాడు. రాత్రి పదింటికి ఇంజను అందుకుంది. "ముప్ఫై ఏళ్లు నేను చేతుల్తో నేర్చుకున్న పనికి ఆఖరి సంతకం ఇప్పుడు వాడిది" అన్నాడు మేస్త్రీ. అక్కసు లేదు. ఆ లాప్‌టాప్ పనికి తన కొడుకునే పంపిస్తున్నాడట.

కంప్యూటర్ ఒప్పుకున్నాక మిగిలింది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. ఆ పత్రంలో ఇంజను నంబరుకు, ఛాసిస్ నంబరుకు, రంగుకు గడులున్నాయి. గేరుబాక్సుకు లేదు. దీన్ని అనుమతిగా తీసుకోవచ్చా? అలా అనుకుని నిశ్చింతగా ఉండటానికి లేదు. రేపు ప్రమాదం జరిగితే బీమా సర్వేయర్ మూడో పెడల్‌ను చూసి ఏమంటాడన్నది వేరే ప్రశ్న. బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలపమని నేను సలహా ఇచ్చాను. మిత్రుడు తల ఊపాడు. ఆ ఉత్తరం రాస్తాడని నాకు పూర్తి నమ్మకం లేదు.

డబ్బిచ్చి కొన్న వస్తువు మీద మనకెంత అధికారం ఉందన్నదే ఇందులో అసలు సంగతి. ఒకప్పుడు పానా ఉన్నవాడి మాటే బండి వినేది. ఇప్పుడు కొత్త కార్లలో చాలా ముక్కలు ఆ కారు నంబరుకే ముడిపడి ఉంటున్నాయి. వేరేదానికి బిగిస్తే మేల్కొనవు. భద్రతకు, దొంగతనాల నివారణకు అది మంచిదే. కానీ భాయ్ మేడగదిలోని సగం సరుకుకు అది మరణశాసనం. విద్యుత్ కార్లలోనైతే మార్చుకోవడానికి గేర్ల పెట్టే లేదు.

మొత్తం ఖర్చు లక్షన్నర దాటింది. ఆదివారం తెల్లవారుజామున బెంగళూరు రహదారి ఎక్కాం. ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. నాలుగులోంచి మూడుకు దించి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు టర్బో ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. మిత్రుడు ఏమీ మాట్లాడలేదు. గేరు రాడ్డు మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

తర్వాత టోల్‌గేటు వచ్చింది. ఏడేళ్లుగా ఆటోమేటిక్ నడిపిన కాలు క్లచ్‌ను మర్చిపోయింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక లారీ హారన్ మోగించింది. మిత్రుడు గబగబా తాళం తిప్పాడు. మళ్లీ ఆగింది. మూడోసారికి కదిలింది.

"చూశావా, నేను చెప్పినట్టే వింటోంది" అన్నాడు నవ్వుతూ.