కొల్లేటి లంకనుండి గూడెమునకు

పరోపకారమునకై ఇల్లు వెడలువారు ఇచ్చువారము తామేయనియు, పుచ్చుకొనువారు ఇతరులనియు తలంచుట సహజము. మేమును అట్లే తలంచితిమి. 2024వ సంవత్సరము సెప్టెంబరులో ఒక తల్లికుక్కను, దాని నాలుగు కూనలను కొల్లేటి లంకనుండి తాడేపల్లిగూడెమునకు చేర్చుటకై చేసిన ఒక్కదినపు ప్రయాణము ఆ తలంపును సరిదిద్దెను.

మేము ఏలూరువారము, మువ్వురము స్త్రీలము. గాయపడిన మూగజీవములను వైద్యునికడకును, ఆదరించు ఇండ్లకును చేర్చుట తీరిక దినములలో మేము పెట్టుకొన్న పని. ఇందు ఒక నియమము గలదు. వీధికుక్కను పట్టి వేఱొక ఊర విడుచుట దయయు గాదు, న్యాయమును గాదు. 2023వ సంవత్సరపు నిబంధనలనుబట్టి దానికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే మరల విడువవలెను. కావున పెంచుకొందుమని ఎవరైన మాట యిచ్చిననే గాని మేము దేనిని ఊరు దాటింపము.

ఆ నెల మొదట బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలు మునిగిన సంగతి మీరెఱిగినదే. ఆ నీరు పిమ్మట కొల్లేటికి చేరెను. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పళ్లెమువలె నున్న ఈ సరస్సునకు బుడమేరు, తమ్మిలేరు మొదలుగా నీరు తెచ్చు దారులు పెక్కులు గలవు. సముద్రమునకు కొనిపోవు దారి ఉప్పుటేరు ఒక్కటియే. అందుచే వరద వచ్చినంత వేగముగా పోదు. ఏలూరునుండి కైకలూరు పోవు బాటపై నీరు పాఱి రాకపోకలు నిలిచిపోయెను. బాట తెఱచిన పిదప మాకు కబురు వచ్చెను: ఒక లంకలో చెఱువుగట్టుమీద వీధికుక్క యొకటి ఈనినదనియు, దాని కాలు విఱిగినదనియు. తాడేపల్లిగూడెములో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడును ఆయన ఇల్లాలును తల్లిని, ఒక కూనను ఉంచుకొని, తక్కిన మూటిని పాలు మఱచిన పిదప తమ బంధువుల ఇండ్లకు ఇప్పింతుమనిరి.

తెల్లవాఱుజామున దోనె యెక్కితిమి. అది గుఱ్ఱపుడెక్కను చీల్చుకొని కిక్కిసపొదల ప్రక్కగా సాగుచుండగా గూడబాతుల బారొకటి మా తలలపైనుండి ఆటపాక వైపు పోయెను. ఈ సరస్సు 1999లో పక్షులకు అభయారణ్యమాయెను. 2002లో రాంసర్ చిత్తడినేలలలో చేరెను. పక్షులకు నెలవులు నిలిచియుండెను గాని, లంకలోని మనుష్యులు గట్లమీద టార్పాలినుల క్రింద నుండిరి.

అట్టి టార్పాలిను క్రిందనే మేము వెదకు కుక్క పండుకొని యుండెను. దాని ప్రక్కన ఒక వృద్ధురాలు కూర్చుండి కూనలకు పాతచీర కప్పుచుండెను.

"వీధికుక్కను తీసికొనిపోవుటకు వచ్చితిమి మామ్మా" అంటిమి.

"వీధికుక్క కాదమ్మా. మా ఇంటిదే. ఇల్లే లేదు గాని" అనెను.

మట్టిగోడ కూలిననాడు ఆమె కూనలను అన్నపుడేగిసాలో పెట్టి నెత్తిన నెత్తుకొని, ఱొమ్ములోతు నీటిలో గట్టునకు చేరినదట. తల్లి ఈదుకొనుచు వెంబడించినదట. కాలు విఱిగినది ఆ గోడ పడియే. సహాయమునకు వచ్చిన పులిహోర పొట్లములో సగము తాను తిని, సగము దానికి పెట్టుచుండెను. ఇక ఆమెను కుమారుడు తాను కాపురముండు అద్దెగదికి తీసికొనిపోవుచున్నాడు. అచ్చట కుక్కను రానీయరు. మేము రక్షింపవచ్చితిమనుకొన్న ప్రాణులను అదివఱకే ఆమె రక్షించి యుండెను.

మేము కొంత పైకమీయబోతిమి. ఆమె చేయి వెనుకకు తీసికొని, "వద్దు తల్లీ, దాన్ని అమ్ముకున్నట్టవుద్ది. చారన్నం పెట్టించండి చాలు. దాని పేరు మల్లి" అనెను. ధర్మరాజు స్వర్గద్వారమున సైతము కుక్కను విడువననెనని విన్నారము. ఈమె దాని మేలుకై విడిచెను. ఏది యెక్కువ కష్టమో మేము చెప్పజాలము.

ఒడ్డు చేరిన పిదప దోనెవాడు తిరుగుప్రయాణపు కూలి పుచ్చుకొనలేదు. "పోయేటప్పుడు మీ కోసం వేశాను. వచ్చేటప్పుడు మల్లి కోసం వేశాను. దాని దగ్గరేం తీసుకుంటానమ్మా?" అని నవ్వెను.

ఏలూరులో పశువైద్యుడు మల్లి కాలికి కట్టు కట్టెను. కుక్కలను కొనిపోవునపుడు బయలుదేరుటకు రెండుగంటలు ముందుగానే మేత, నీరు పెట్టవలెననియు, దారిలో వేసవియందు నాలుగు గంటల కొకసారి, శీతకాలమున ఆఱు గంటల కొకసారి నీరీయవలెననియు 1978వ సంవత్సరపు నిబంధనలు చెప్పుచున్నవి. అవన్నియు తల్లికి జరిపితిమి. కాని కూనలమాట మఱచితిమి. వ్యాను కుదుపునకు బెదరిన తల్లి పాలు చేపదని మాకు తోచలేదు. గుండుగొలను దాటి భీమడోలు సమీపించునప్పటికి అన్నిటికంటె చిన్న కూన చల్లబడి, మెడ వ్రేలవేసెను.

దారిప్రక్క టీకొట్టు కనబడగా ఆపి, వేడిపాలు కావలెనంటిమి. కొట్టు నడుపునామె కూనను చూచి, "చల్లగా ఉన్నప్పుడు పాలు పోస్తే చచ్చిపోద్దమ్మా. ముందు వేడి, తర్వాత పాలు" అని, వేడినీటి సీసాకు గుడ్డ చుట్టి, కూనను దాని ప్రక్కనుంచి తన చెఱగున కప్పుకొనెను. మేకపిల్లలను పెంచి నేర్చిన విద్య యది. బస్సు దిగినవారు టీ కొఱకు తొందరించుచుండిరి. అది చూచి ఒక లారీడ్రైవరు లోపలికి వచ్చి, తానే టీ కాచి అందఱకును పోసి, డబ్బు పెట్టెలో వేయుచుండెను. అరగంటకు కూన కదలెను. అప్పుడామె తన మేకను పితికి, దూదివత్తితో చుక్కచుక్కగా పాలు చప్పరింపజేసెను. అది కుంయ్ మనగానే కొట్టులోనివారెల్లరు నవ్విరి. ఆమె మాకుకూడ టీ ఇచ్చి, దేనికిని వెల పుచ్చుకొనలేదు.

అచ్చటినుండి ఉంగుటూరు మీదుగా తాడేపల్లిగూడెము చేరితిమి. గోదావరినీరు ఏలూరుకాలువలో మాకెదురుగా పాఱుచుండెను. దీపాలవేళకు మాస్టారి ఇల్లాలు వాకిట నిలిచియుండెను. మేము ఫోనులో చెప్పినట్లు చారన్నము కలిపి యుంచెను. కాని మల్లి ముట్టలేదు. ఆమె కొంతసేపు చూచి, "మామ్మగారికి ఫోను కలపండి" అనెను.

ఫోనులో "మల్లీ, తినవే" అన్న మాట వినబడగానే కుక్క చెవులు నిక్కించి, అటునిటు వెదకి, మెల్లగా గిన్నెలో మూతి పెట్టెను. మాస్టారి ఇల్లాలు, "ఇది మీదేనండీ, మా ఇంట్లో ఉంటుందంతే. పండక్కి వచ్చి చూసుకోండి" అనెను. అవతలనుండి కొంతసేపు బదులు రాలేదు.

ఇల్లు చేరి, మా అలవాటు చొప్పున ఆనాటి ఖర్చు వ్రాసితిమి: వ్యానునకు డీజిలు, వైద్యుని రుసుము, దోనెకు ఒకవైపు కూలి. తక్కినవి వ్రాయుటకు అంకెలు దొరకలేదు. ఆనాడు మేమే ఎక్కువగా పుచ్చుకొంటిమి.