ఇంటి పెట్టెలోని కాగితములు

మన గృహములలో నెలకెంత బియ్యము పట్టునో, పాలవాని కెప్పుడు పైక మీయవలయునో, పిల్లల బడిజీత మేనాటికి కట్టవలయునో గృహిణికి కంఠస్థముగా నుండును. కాని తాము కాపురముండు నిల్లు ఎవరి పేర నున్నదో, దాని దస్తావేజు లెచ్చట నున్నవో, పెరటివాటా యద్దెకిచ్చినపు డెంత అడ్వాన్సు పుచ్చుకొంటిమో అడిగినచో "ఆ సంగతులు వారికే తెలియును" అని యూరకుందుము. మేమును చాలకాల మట్లే యుంటిమి. దానివలన మాకు గలిగిన చిక్కులను, పిదప నేర్చుకొన్న సంగతులను సోదరీమణులకు విన్నవించుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రాజమహేంద్రవరమున మా మామగారు 1972లో తమ స్వార్జితముతో కట్టించిన యిల్లొకటి యుండెడిది. వీథివైపు వాటాలో అత్తమామలు కాపురముండి, పెరటివైపు వాటాను అద్దెకిచ్చుచుండిరి. 2009లో మామగారును, 2016లో అత్తగారును స్వర్గస్థులైరి. మా వారి యుద్యోగమువలన మేము హైదరాబాదులో నుంటిమి. ఎంతకాలమని దూరమునుండి యింటిని కనిపెట్టగలమని తలచి 2018లో దానిని అమ్మివేయ నిశ్చయించుకొంటిమి.

ఆ పెరటివాటాలో నొక యుపాధ్యాయిని తన ముసలి తల్లితో పదునొకండు సంవత్సరములుగా కాపురముండెను. అద్దె నెల తప్పక వచ్చుచుండెను గాని వ్రాతకోత లేమియు లేవు. ఇల్లమ్మదలచితిమని చెప్పగా ఆ యమ్మ యభ్యంతర మేమియు చెప్పక, "చేరునాడు మీ మామగారి చేతికి పదివేలు అడ్వాన్సిచ్చితిని. అది యిప్పించినచో వేఱొక యిల్లు చూచుకొందును" అనెను. మా మఱది అయిదువేలే యని జ్ఞాపకము చెప్పెను. రసీదు లేదు. పుచ్చుకొన్నవారు లేరు. పైకి చెప్పకపోయినను, పెద్దలు లేని సమయము చూచి ఆమె యెక్కువ చెప్పుచున్నదేమో యని మాకును అనుమానము కలిగెను. పది దినములైన పిదప వంటింటి గూటిలో మా అత్తగారి పాలలెక్కల పుస్తకము దొరకినది. దాని కడపటి పుటలో "మాస్టరమ్మ అడ్వాన్సు 10,000" అని తేదీతో సహా వ్రాసియుండెను. మేము తలవంచుకొని పైకము చెల్లించితిమి. ఆ యమ్మ యేమియు ననలేదు. కాని పదునొకండేండ్లు సక్రమముగా నడచుకొన్న మనిషిని పది దినములు దొంగవలె చూచితిమి గదా యను బాధ మాకు నేటికిని తీరలేదు. మాటమీది నమ్మకము మంచిదే. ఆ మాట యిచ్చినవారు పోయిన పిదప దానిని నిలుపునది వ్రాతయే.

కావున అద్దెకిచ్చు సోదరీమణులకు మా మొదటి మనవి యిది. ఎంతటి తెలిసినవారైనను పత్రము వ్రాసికొనుడు. అందులో అద్దె యెంత, ఏ తేదీలోపల నీయవలయును, అడ్వాన్సెంత, ఏటేట నెంత పెంచుదురు, నీటికిని కరెంటునకును ఎవరు చెల్లింతురు, ఖాళీ చేయుటకు ఇరువైపుల నెన్ని దినములు ముందుగా తెలుపవలయును అను సంగతు లుండవలయును. పత్రము లేని నెలవారీ యద్దెకు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 15 దినముల నోటీసు మాత్రమే చెప్పుచున్నది. పిల్లల బడి నడుచుచుండగా 15 దినములలో ఎవరు మాత్రము ఇల్లు మార్చగలరు? రెండు నెలలని వ్రాసికొన్నచో ఇరువురకును మేలు.

పదునొకండు నెలలకు పత్రము వ్రాసికొన్నచో రిజిస్టరు చేయ నక్కఱలేదని మనలో ననేకుల నమ్మకము. మేమును అట్లే నమ్మియుంటిమి. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ఏడాదికి మించిన కౌళ్లకే రిజిస్ట్రేషను విధించుటవలన ఈ యాచారము దేశమంతట వ్యాపించినది. కాని 1999లో మన రాష్ట్రమున ఆ చట్టమును సవరించి, కాలమెంత తక్కువయైనను స్థిరాస్తి కౌలుపత్రములన్నియు రిజిస్టరు కావలయునని చేసిరి. ఆ సవరణము ఆంధ్రప్రదేశమునకును తెలంగాణమునకును చెందును. రిజిస్టరు కాని పత్రముపై కోర్టులో పూర్తిగా నాధారపడుటకు వీలులేదు. కర్చునకు జంకి మానుకొనువారు ఈ సంగతి యెఱిగియైనను ఉండవలయును.

పత్రము వ్రాయుదినమున వాటాలోని పంకాలు, దీపములు, కుళాయిలు, తలుపుల గడియలు లెక్కించి యొక జాబితా వ్రాసి ఇరువురును సంతకము చేయుడు. గోడలను, నేలను ఫోనుతో ఫొటోలు తీసికొని వారికిని పంపుడు. ఖాళీ చేయునాడు మేకుల కన్నములకును, విఱిగిన గడియలకును అడ్వాన్సులో నెంత తగ్గింపవలయు నను తగవు దీనితో చాలవఱకు తీరును. వాటా వాటాకు వేఱుగా కరెంటు మీటరు పెట్టించుట మఱియొక ముఖ్యమైన పని. ఒకే మీటరుమీద రెండు సంసారములు నడచినచో వేసవిలో తప్పక మాటలు వచ్చును.

2021 జూన్ 2వ తేదీన కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా అద్దె చట్టము, నివాసగృహమునకు రెండు నెలల యద్దెకు మించి అడ్వాన్సు పుచ్చుకొనరాదనియు, యజమాని వాటాలోనికి రాదలచినచో 24 గంటలు ముందుగా తెలుపవలయుననియు చెప్పుచున్నది. నమూనా చట్టము రాష్ట్రములు తమదిగా చేసికొన్నచోటనే అమలగును. ఐనను ఆ రెండు నియమములను మనంతట మనము పాటించుట మర్యాద. ఇల్లు మనదే కావచ్చును, కాని అద్దె పుచ్చుకొన్నంతకాలము ఆ గడప లోపలి సంసారము వారిది. వేళగాని వేళ తలుపుతోసికొని పోయి వారి వంటింటిని పరీక్షించుట తగదు. బాకీ పడిరని నీళ్లు కట్టివేయుట, కరెంటు తీసివేయుట న్యాయమును గాదు, చట్టమునకు సమ్మతమును గాదు.

అద్దెకు వచ్చువారిని విచారించుకొనవలసినదే. వారి యుద్యోగ మెచ్చట, గుర్తింపు కాగితము లున్నవా, ఎందఱు కాపురముందురు, మునుపటి యింట అద్దె సరిగా నిచ్చిరా యను ప్రశ్నలు తప్పుకావు. కాని మన వీథులలో మొదట నడుగు ప్రశ్న కులము, రెండవది మగదిక్కు. మా యింటికి రాకమునుపు ఆ యుపాధ్యాయినికి ఏడు ఇండ్లవారు "ఒంటరి యాడువారికి ఈయము" అని చెప్పిరట. వారిలో పెక్కురు స్త్రీలే. మన కుమార్తెలు నేడు ఊరుగాని యూళ్లలో ఉద్యోగములు చేయుచు ఇండ్లు వెదకుకొనుచున్నారు. మనము మూసిన తలుపే అచ్చట వారికి ఎదురగునని సోదరీమణులు తలచుకొందురు గాక.

ఇక అమ్మకము. కొనదలచిన పెద్దమనిషి మొదట ఈసీ, అనగా ఆస్తిపై రుణభారములను తెలుపు ధ్రువపత్రము, అడిగెను. సబు రిజిస్ట్రారు కచేరీనుండి తెప్పించి చూడగా, 1981లో మామగారొక సంఘములో చేసిన తనఖా అందులో నిలిచియుండెను. బాకీ తీర్చి ముప్పదియేండ్లు దాటినది. కాని తీరినట్లు విడుదల పత్రము రిజిస్టరు చేయింపలేదు. పాత లెక్కలు వెదకించి దానిని తొలగించుటకు మూడు నెలలు పట్టినది. ఇంటిపన్నును, కరెంటు మీటరును గూడ మామగారి పేరనే యుండుటవలన మరణ ధ్రువపత్రములు, కుటుంబసభ్యుల ధ్రువపత్రము సంపాదించి పేర్లు మార్పింపవలసి వచ్చినది. ఈ పనులన్నియు తీరికగా చేసికొనదగినవి. కొనువాడు గుమ్మమున నిలిచియుండగా మొదలిడినచో ఆ తొందర ధరలో తగ్గును.

అన్నిటికంటె పెద్ద పాఠము మా ఆడపడుచువలన నేర్చుకొంటిమి. మామగారు వీలునామా వ్రాయలేదు. మధ్యవర్తి మా వారితోను మఱదితోను, "ఆడపిల్లకు పెండ్లినాడే ఇచ్చితిరి గదా. పండుగకు వచ్చినపుడు పసుపు కుంకుమ క్రింద నేదేని యిచ్చి హక్కు విడుదల పత్రముమీద సంతకము పెట్టించుడు. వివరము లెందుకు?" అనెను. మాకును ఆ సమయమున పైకముతో నవసరము మిక్కుటముగా నుండెను. ఐనను ఆ మాట మాకు రుచింపలేదు. వకీలు నడుగగా, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము వీలునామా లేని తండ్రి స్వార్జితములో కుమార్తెకు కుమారునితో సమానమైన వాటా కలదనియు, పెండ్లిలో నిచ్చినది దానిని తీసివేయదనియు చెప్పిరి. పిత్రార్జితములో గూడ మన రాష్ట్రము 1985లోనే అవివాహితలకు సమానహక్కు నిచ్చినది. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి దేశమంతట కుమార్తెల కాహక్కు కలిగినది. ఆ నాటికి తండ్రి జీవించియుండ నక్కఱలేదని 2020లో సుప్రీముకోర్టు తేల్చినది.

మేము విజయనగరము పోయి మా ఆడపడుచుతో ఇంటి ధర యెంత వచ్చుచున్నదో, ఆమెకు మూడింట నొక వాటా కలదో దాపరికము లేక చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప, "మీరు వచ్చి చెప్పినారు, నాకు చాల సంతోషము. సంతకము పెట్టుమని కాగితము పంపినచో పెట్టియేయుందును వదినా, కాని మఱల ఆ యూరి మొగము చూచియుండను. నా వాటా నాకీయుడు. అమ్మాయి చదువునకు అప్పు చేసియున్నాము" అనెను. ముగ్గురును అమ్మకందారులుగా సంతకములు చేసిరి. విడుదల పత్రముతో పనియే లేకపోయినది. కొనువారి వకీలు సైతము, కుమార్తె సంతకము లేనిచో ఈ యిల్లు కొనవలదని చెప్పియుందుమనెను. న్యాయమును, భద్రతయు ఒక్కదారినే నడచినవి.

ఇంటి లోపములను గూర్చి యొక మాట. మా యింటి పడమటి గోడ వానకాలమున చెమ్మగిల్లుచుండెను. వేసవిలో సున్నము వేయించినచో ఎవరికిని తెలియదని మధ్యవర్తి సలహా చెప్పెను. మేము చెప్పివేసితిమి. ధరలో కొంత తగ్గినది. కాని అమ్మకందారునికి తెలిసి, కొనువాడు మామూలుగా చూచి కనిపెట్టలేని లోపమును చెప్పవలసిన బాధ్యత 1882 నాటి చట్టమే విధించుచున్నది. తగ్గిన పైకముకంటె మఱునాటి వ్యాజ్యము ఖరీదైనది. అద్దెకున్నవా రుండగా అమ్మునపుడు వారి సంగతియు ముందే చెప్పవలయును. ఇల్లు చేతులు మాఱినంత మాత్రమున వారి యద్దెహక్కు పోదు. కొన్నవాడు యజమాని స్థానమున వచ్చును. వారి అడ్వాన్సు ఎవరు తిరిగి యీయవలయునో అమ్మకపు పత్రములో వ్రాయింపవలయును.

పైకము విషయమున మఱింత జాగ్రత్త కావలయును. బయానా పుచ్చుకొనునపుడు ఒప్పందపత్రము వ్రాసి, గడువును, గడువు దాటినచో నేమగునో స్పష్టముగా పెట్టుడు. 2015 జూన్ 1వ తేదీనుండి ఇంటి యమ్మకమున 20,000 రూపాయలుగాని అంతకుమించిగాని నగదుగా పుచ్చుకొనుట నిషేధము. బ్యాంకుద్వారానే రావలయును. ధర 50 లక్షలుగాని అంతకుమించిగాని యైనచో కొనువారు నూటికి 1 రూపాయి పన్నుక్రింద తగ్గించి కట్టుదురు. దాని రసీదు అడిగి పుచ్చుకొనుడు. పూర్తి పైకము మీ ఖాతాలో చేరినదని చూచుకొనక రిజిస్ట్రారు ఎదుట సంతకము చేయకుడు. ఖాళీ కాగితముమీద ఎంతటి ఆప్తులకైనను వ్రేలిముద్రగాని సంతకముగాని ఈయకుడు. ఆ వాటా మీ ఖాతాలోనికే రావలయును. "నా ఖాతాలో వేయుము, పిదప చూచుకొందము" అను మాటవలన ఎందఱో సోదరీమణులు తమ పుట్టినింటి సొమ్ము కంటితో చూడకయే పోగొట్టుకొనుచున్నారు.

కడపట మా మనవి. ఈ నెలలో నొక మధ్యాహ్నము ఇంటిలోని పెట్టె తీయించి చూడుడు. ఇంటి దస్తావేజు, దానికి మునుపటి దస్తావేజులు, తాజా ఈసీ, ఇంటిపన్ను రసీదులు, బాకీ తీరిన కాగితములు, అద్దెపత్రములు, అడ్వాన్సు లెక్క అన్నియు నొక్కచోట చేర్చి, వాని నకళ్లు వేఱొకచోట నుంచుడు. మీ వారు సంతోషించి మీకు చూపింతురు. చూపనిచో అదియు మీరు తెలిసికొనవలసిన సంగతియే.

2019లో ఇల్లు చేతులు మాఱినది. ఇంటి కాగితములన్నియు కొన్నవారికిచ్చితిమి. అత్తగారి పాలలెక్కల పుస్తకము మాత్రము ఈయలేదు. అది మా పెట్టెలోనే యున్నది.